బ్యాగు సోదాకు సెక్షన్ 50 వర్తించదండీ

బస్టాండులో మీ తమ్ముడి బ్యాగులో కిలోన్నర గంజాయి దొరికిందనీ, గెజిటెడ్ అధికారి లేకుండానే సోదా చేశారు కాబట్టి కేసు కొట్టేస్తారా అనీ అడిగారు. ఒక్క ఆ పాయింటు మీదే ఆశ పెట్టుకోకండి.

ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, సెక్షన్ 50 ఒంటి మీద చేసే సోదాకే. మేజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ అధికారి ముందు సోదా కోరే హక్కు ఉందని పోలీసులు ముందే చెప్పి తీరాలని 2010లో విజయసిన్హ్ జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ బ్యాగు ఒంటిలో భాగం కాదని 2005లోనే పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జేబులో దొరికి ఉంటే కథ వేరుగా ఉండేది.

మీకు అసలు ఊరట బరువులో ఉంది. గంజాయి 20 కిలోలు దాటితేనే వాణిజ్య పరిమాణం, అంటే చట్టం దృష్టిలో భారీ మొత్తం. అంతకన్నా తక్కువ కాబట్టి సెక్షన్ 37 కింద ఉండే కఠినమైన బెయిల్ షరతులు మీవాడికి అడ్డురావు. అలాగని తేలిక కేసూ కాదు, కిలో దాటింది కదా, పదేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

పంచనామా కాపీ తీసుకుని లాయరుకు చూపించండి. తూకం, సీలు, సెక్షన్ 52ఎ ప్రకారం మేజిస్ట్రేట్ ఎదుట శాంపిల్స్ తీశారా అన్నవి ఆయన చూస్తారు. టెన్షన్‌లో మీరే స్టేషన్‌కెళ్లి వాదించకండి.