అమెరికాలో కోర్టు తారీఖు పడితే: హనుమకొండ నుంచి వెళ్ళే పిల్లలకు

మొన్న ఎండాకాలం హనుమకొండ వచ్చినప్పుడు, ఒకరోజు పొద్దున ఐదింటికే ఫోన్ మోగింది. టెక్సస్‌లోని డెంటన్ నుంచి మా మేనల్లుడు. అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. "మామా, స్పీడ్ ఎక్కువైందని పోలీసు ఆపిండు. టికెట్ ఇచ్చిండు. కోర్టు తారీఖు రాసుంది. అమ్మకు చెప్పకు" అన్నాడు. "కోర్టా?" అని నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాటకే పక్క గదిలో అక్క లేచి కూర్చుంది.

అక్కను తప్పు పట్టలేను. మా ఇల్లు అదాలత్‌కు దగ్గర. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద ఆమె చూసిందల్లా చంకలో ఫైలు పెట్టుకుని పేషీకి వచ్చే రైతులు, వకీలు కోసం ఎదురుచూస్తూ చెట్టుకింద కూర్చున్న ముసలివాళ్ళు. 2021 డిసెంబర్‌లో అక్కడ కొత్త కోర్టు భవనాలు వచ్చాయి గానీ, కోర్టంటే మన ఇళ్ళలో ఉన్న భయం అట్లాగే ఉంది. "మన ఇంట్ల ఇప్పటిదాక ఎవ్వరు కోర్టు మెట్లెక్కలేదురా" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ పొద్దున అక్కకూ మేనల్లుడికీ చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. నేను ఇరవై ఏళ్ళుగా ఉంటున్నది టెక్సస్‌లో, కాబట్టి ఇవి అక్కడి పద్ధతులు. వేరే రాష్ట్రంలో వివరాలు మారతాయి. మీ టికెట్ మీద ఏ కోర్టు పేరుందో ఆ కోర్టు వెబ్‌సైట్ చూసుకోండి.

టికెట్ అంటే అక్కడి చలానే. మన పిల్లలను దెబ్బతీసేది ముందుగా ఇక్కడి చలాన్ అలవాటు. ఇక్కడ బండి మీద ఎన్ని చలాన్లున్నా ఎవరికీ టెన్షన్ లేదు. 2022 మార్చిలో ప్రభుత్వం డిస్కౌంట్ ఇచ్చింది, 2023 డిసెంబర్‌లో మళ్ళీ ఇచ్చింది. రెండోసారి టూవీలర్లకు ఏకంగా 80 శాతం తగ్గించారు. ఆగితే తగ్గుతుందని ఇక్కడ నేర్చుకున్న పిల్లవాడు అక్కడా అట్లాగే ఆగుతాడు. అమెరికాలో టికెట్ మీద ఉన్న తారీఖు దాటిందంటే మీమీద వారెంట్ రావచ్చు, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు. ఆ తర్వాత ఏదో రోజు బ్రేక్ లైట్ వెలగలేదని ఆపిన పోలీసు కంప్యూటర్‌లో మీ పేరు కొట్టగానే ఆ వారెంట్ కనిపిస్తుంది. చేతులకు బేడీలు పడేది అప్పుడు. అసలు తప్పు చూస్తే లిమిట్ కంటే పది పన్నెండు మైళ్ళు ఎక్కువ స్పీడే.

నేను వెళ్ళిన కొత్తలో ఒక టికెట్ కేసు ఉండగానే అపార్ట్‌మెంట్ మారాను. కోర్టుకు కొత్త అడ్రస్ చెప్పాలని తట్టలేదు. వాళ్ళు పంపిన ఉత్తరం పాత ఇంటికి పోయింది. లైసెన్స్ రెన్యువల్‌కు పోతే కౌంటర్‌లో ఆమె స్క్రీన్ వైపు చూసి, నా వైపు చూసి, "మీకు కోర్టులో ఏదో పెండింగ్ ఉంది" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా అంతట నేనే వెళ్ళి క్లర్క్‌తో మాట్లాడితే కొత్త తారీఖు ఇచ్చారు. అందుకే చెబుతున్నాను, ఇల్లు మారిన రోజే కోర్టుకు కూడా అడ్రస్ మార్పు రాసి పంపండి.

పోలీసు ఆపినప్పుడు కారు దిగకండి. మన దగ్గర దిగి దగ్గరికి వెళ్ళి మాట్లాడటం మర్యాద. అక్కడ దిగితే అతను ప్రమాదం అనుకుంటాడు. అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి కూర్చోండి. టికెట్ మీద సంతకం అడిగితే పెట్టండి. తప్పు ఒప్పుకున్నట్టని ఆ సంతకానికి అర్థం లేదు. తారీఖు లోపల కోర్టుకు జవాబు ఇస్తానన్న మాట మాత్రమే అది. "మనోళ్ళు ఎవరన్నా ఉన్నరా" అని పైరవీ కోసం ఫోన్లు చేయకండి. డబ్బు ఇస్తానన్న మాట అయితే నోట్లోంచి రానే కూడదు, అదొక పెద్ద నేరం.

మేనల్లుడు గంటకు 45 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద 58లో పోయాడు. ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు. వద్దన్నాను. టెక్సస్‌లో ఫైన్ కట్టడమంటే నేరం రుజువైనట్టే రికార్డుకు ఎక్కుతుంది, తర్వాత ఇన్సూరెన్స్ పెరుగుతుంది. దానికి బదులు డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు, అంటే జాగ్రత్తగా నడపడం నేర్పే కోర్సు, అడగవచ్చు. టెక్సస్ లైసెన్స్, ఇన్సూరెన్స్ ఉండాలి. గత 12 నెలల్లో ఇట్లాగే కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకుని ఉండకూడదు. లిమిట్ కంటే స్పీడ్ 25 మైళ్ళు గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే కుదరదు. ముఖ్యంగా టికెట్ మీద ఉన్న తారీఖు లోపలే అడగాలి. కోర్టు ఫీజు కట్టి, ఆరు గంటల కోర్సు చేసి, డ్రైవింగ్ రికార్డు కాపీతో పాటు 90 రోజుల్లో ఇస్తే కేసు కొట్టేస్తారు.

స్పీడ్ టికెట్‌కు ఇది చాలు. నాకు అసలు భయం వేరే రకం టికెట్‌తో. టెక్సస్‌లో వంద డాలర్లలోపు వస్తువు దొంగతనం కూడా ఫైన్‌తో పోయే కేసే. జైలు లేదు, చేతికి అదే రకం కాగితం. నాకు తెలిసిన ఒక వరంగల్ పిల్లవాడు ఒక దుకాణంలో మన బిల్లు మనమే వేసుకునే సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి వచ్చాడు. మరిచిపోయానన్నాడు. నిజమే కావచ్చు. కోర్టుకు పోయి, "నో కాంటెస్ట్" (ఆరోపణను ఎదిరించను) అని సంతకం పెట్టి, ఫైన్ కట్టి, గంటలో బయటపడ్డానని సంతోషపడ్డాడు. రెండేళ్ళ తర్వాత ఇండియాలో వీసా స్టాంపింగ్‌కు వచ్చి నెలల తరబడి ఇరుక్కుపోయాడు. ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ. ఆ పిల్లవాడి నాన్న మా ఇంటికి వచ్చి కూర్చుని ఏమీ మాట్లాడలేకపోయిన సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది.

ఎందుకట్లా జరిగిందంటే, కోర్టు దృష్టిలో చిన్న కేసు ఇమ్మిగ్రేషన్ దృష్టిలో చిన్నది కాకపోవచ్చు. దొంగతనం, కొట్లాట, ఇంట్లో భార్యాభర్తల గొడవ, తాగి నడపడం... ఈ నాలుగింటిలో ఏది ఉన్నా జడ్జి ముందు నోరు తెరవకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ వకీలు) దయగా ఒక ఆఫర్ ఇస్తాడు: తప్పు ఒప్పుకో, కొన్ని నెలలు ఏ గొడవా లేకుండా ఉంటే కేసు కొట్టేస్తాం అని. రాష్ట్రం లెక్కలో అది కొట్టేసిన కేసు. ఇమ్మిగ్రేషన్ చట్టం మాత్రం ఒకసారి తప్పు ఒప్పుకుని, కోర్టు ఏదైనా శిక్షో షరతో పెడితే దాన్ని నేరం రుజువైనట్టే చూడగలదు. ఒప్పుకుంటే దేశం విడిచి పోవాల్సి వస్తుందేమో క్లయింట్‌కు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా కేసులో తీర్పు ఇచ్చింది. అయితే ఫైన్‌తో పోయే కేసుల్లో మామూలుగా కోర్టు మీకు ఉచిత లాయర్‌ను ఇవ్వదు, కాబట్టి ఆ మాట చెప్పేవాళ్ళే ఉండరు. డబ్బులు లేకపోతే అప్పు చేయండి, నలుగురు రూమ్మేట్లు తలా కొంత వేసుకోండి. "లాయర్‌తో మాట్లాడుకోవాలి, ఇంకో తారీఖు ఇవ్వండి" అని జడ్జిని అడగడం తప్పు కాదు.

ఇక కోర్టు రోజు. అరగంట ముందే చేరుకోండి. గుమ్మం దగ్గర ఎయిర్‌పోర్టు లాంటి చెకింగ్ ఉంటుంది. తాళంచెవి గుత్తికి ఉన్న చిన్న చాకు, పెప్పర్ స్ప్రే కారులోనే వదిలేయండి. షార్ట్స్, చెప్పులు, టోపీ వద్దు. ఫోన్ ఆఫ్ చేయండి. లోపల మన పేర్లతో ఒక చిక్కుంది. నన్ను పిలిచినప్పుడు మూడుసార్లు పిలిచారట. ముందు ఇంటిపేరు, అదీ గుర్తుపట్టలేని ఉచ్చారణలో. అది నా పేరే అని నాకు తెలియలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని కాగితం వైపు చూసి నా భుజం తట్టింది. అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతాను: లోపలికి వెళ్ళగానే డెస్క్ దగ్గర ఉన్నవాళ్ళకు కాగితం చూపించి, మీరు వచ్చినట్టు చెప్పండి.

జడ్జి పిలిస్తే లేచి నిలబడి "యువర్ హానర్" అనండి. మనం మర్యాదకు తల ఊపుతాం. అక్కడ ఆ ఊపు అవునో కాదో వాళ్ళకు అర్థం కాదు, మాటల్లోనే చెప్పాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. ఇంగ్లీషు మీడియంలో ఎంటెక్ చేసినవాడికి కూడా అక్కడి చట్టం భాష కొత్తే. మీతో ఉంటున్న అమ్మానాన్నలకు ఏదైనా కేసు తగిలితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని క్లర్క్‌కు కొన్ని వారాల ముందే రాసి అడగండి. తెలుగువాళ్ళు దొరకడం కష్టం, ఫోన్‌లోనో వీడియోలోనో ఏర్పాటు చేయవలసి వస్తుంది.

ఇంకొక ఉత్తరం కూడా రావచ్చు, జ్యూరీ డ్యూటీ అని, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల్లో ఒకరిగా రమ్మని. లైసెన్స్ ఉన్నవాళ్ళ లిస్టు నుంచి పేర్లు తీస్తారు కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళకూ ఒక్కోసారి వస్తుంది. పారేయకండి. సిటిజన్ కాదు అన్న గడి నింపి తిరిగి పంపండి. పొరపాటున కూడా సిటిజన్ అని టిక్ పెట్టొద్దు, దానివల్ల వచ్చే నష్టం సరిదిద్దుకోలేనిది. కోర్టు నుంచి మాట్లాడుతున్నాం, గిఫ్ట్ కార్డులతో ఫైన్ కట్టండి అని ఫోన్ వస్తే అది మోసం, పెట్టేయండి.

మేనల్లుడు తారీఖుకు వారం ముందే కోర్సు అడిగాడు, రెండు నెలల్లో పని పూర్తి చేశాడు. కేసు కొట్టేసినట్టు కోర్టు ముద్ర ఉన్న కాపీ అడిగి తీసుకొమ్మన్నాను. రేపు సిటిజన్‌షిప్ దాకా ఏ ఫారం నింపినా, ఏ అధికారి అడిగినా చూపించేది ఆ కాగితమే, పాతబడ్డాక కోర్టులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడది వాడి ఐ-20 (స్టూడెంట్ వీసాకు కాలేజీ ఇచ్చే కాగితం) ఉన్న ఫైల్లోనే ఉంది. ఇంకో కాపీ ప్రింట్ తీయించి అక్క తన బీరువాలో, ఇంటి కాగితాల పక్కన పెట్టుకుంది.