ఇంట్లో ఉన్న మగ్గాన్ని టికెట్ కొని చూడాలా?

ప్రశ్న: టీచరుగారూ, నమస్కారం. మాది బరంపురం. మా మామగారు పట్టుచీరలు నేస్తారు. ఆయన తండ్రి, తాత కూడా నేతపనే చేశారు. మొన్న సెలవుల్లో మా అబ్బాయి కాలేజీవాళ్లతో చెన్నై వెళ్లి, దక్షిణచిత్ర అనే మ్యూజియంలో మగ్గం చూసొచ్చాడు. వచ్చినప్పట్నుంచీ అదే కబురు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో మగ్గం ఉండగా, అక్కడ డబ్బిచ్చి చూడటమేమిటని మామగారు చిన్నబుచ్చుకున్నారు. ఈమధ్య మా వీధికీ ఫోన్లు పట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. నిలబడి ఒకటే ప్రశ్నలు. పని ఆగిపోతోంది. పొమ్మనలేం, డబ్బడగలేం. అసలు జనానికి వీటిమీద ఇంత మోజెందుకు? మేమేం చెయ్యాలి?
– ఒక కోడలు, బరంపురం

జవాబు: అమ్మా, ముందు మీ మామగారికి నా మాటగా ఒకటి చెప్పండి. మనవడు ఆయన పనిని తక్కువ చెయ్యలేదు. ఇంట్లో మగ్గం అంటే కూడు పెట్టే పని. చీర దిగాలి, షావుకారుకి అందాలి, కూలి చేతికి రావాలి. ఆ తొందరలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికుంటుంది? "అటు పోకు, పోగు తెగుతుంది" అన్న మాట వింటూనే నేతవారి పిల్లలు పెరుగుతారు. దక్షిణచిత్రలో మగ్గం ముందు కూర్చున్న మనిషికి వచ్చినవాళ్లకి చెప్పడం కూడా పనే. మీవాడు ఇన్నాళ్లూ అడగలేని ప్రశ్నలు అక్కడ అడిగి ఉంటాడు.

ఆ చోటు గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చెన్నైకి దక్షిణాన ముట్టుకాడులో 1996లో తెరిచారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, తెలుగు ప్రాంతాల పాత ఇళ్లు అక్కడున్నాయి. కొన్నిటిని విప్పి తెచ్చి నిలబెట్టారు, కొన్నిటిని అదే తీరులో కట్టారు. మన విశాఖ వైపు చుట్టిల్లు కూడా ఉంది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్వీడన్. అక్కడ ఫ్యాక్టరీలు వచ్చి పల్లె బతుకు మారిపోతున్న రోజుల్లో ఆర్తుర్ హాజేలియస్ అనే ఆయన దేశం నలుమూలల నుంచి ఇళ్లు విప్పించి తెచ్చి, 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరిచాడు. ఆ ఇళ్లలో ఆయా ప్రాంతాల బట్టలు కట్టుకున్న మనుషులు, పెరట్లో పశువులు. 130 ఏళ్లు దాటినా జనం ఇంకా వెళ్తూనే ఉన్నారు.

ఎందుకు వెళ్తారు? పాతవి కాబట్టి వెళ్తారని నేననుకోను. పాతవే కావాలంటే అద్దాల బీరువాల్లో బోలెడున్నాయి. సోషల్ టీచరుగా పిల్లల్ని మ్యూజియాలకి తీసుకెళ్లినప్పుడల్లా చూశాను, బీరువా ముందు ఒక్కడూ నిలవడు. అదే పర్లాకిమిడి వీధిలో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పనివాడి అరుగు దగ్గర దింపితే బస్సెక్కమన్నా ఎక్కరు. ఇవాళ మనం వాడే ప్రతి వస్తువూ తయారైపోయి, ప్యాకెట్లో పడి ఇంటికొస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ కనపడదు. సగమే అయిన వస్తువుని చూడటం, చేసే మనిషినే "ఇక్కడ చెయ్యి తప్పితే ఏం చేస్తారు?" అని అడగడం, జనాన్ని లాగేది అది.

మీ ఇంట్లో పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయి కొత్తది ఎక్కించే రోజు ఒకసారి తలుచుకోండి. అచ్చు అతకడం మీకు మామూలు విషయం కావచ్చు. పాత పోగు కొసనీ కొత్త పోగు కొసనీ కలిపి, బూడిద అద్దుకున్న వేళ్ల మధ్య ఒక్క నులుము. ముడి ఉండదు. అలా వేల పోగులు, ఒక్కొక్కటిగా. చెయ్యి తిరిగినవాళ్లు పక్కవాళ్లతో కబుర్లాడుతూనే అతికేస్తారు, పోగుని వేళ్లే వెతుక్కుంటాయి. వరస తప్పిందా, ఆ తప్పు బట్టలో తేలుతుంది. బరంపురం చీరకి పేరు తెచ్చిన గుడిగోపురం అంచు, అదే మీరు ఫోడా కుంభ అనేది, దాన్ని చూసి "అబ్బ" అనేవాళ్లకి ముందు ఈ అతుకు చూపించండి. చీర ధర మీద మళ్లీ బేరమాడరు.

ఇక డబ్బు సంగతి. అడగండమ్మా, మొహమాటం వద్దు. నేతకి నెలజీతం లేదు, దిగిన చీరకే కూలి. గంట మాటల్లో పోయిందంటే ఆ గంట మీ మామగారి జేబులోంచి పోయినట్టే. అమెరికాలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరుంది, 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని. 1920లలో రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుడి డబ్బుతో ఆ పాత ఊరిని మళ్లీ నిలబెట్టడం మొదలుపెట్టారు. అక్కడ కమ్మరి, పుస్తకాలు ముద్రించేవాడు ఏళ్ల తరబడి శిష్యరికం చేసి పని నేర్చుకుంటారు. వస్తువు చెయ్యడం, వచ్చినవాళ్లకి చెప్పడం, రెండూ కలిపే ఉద్యోగం. చెప్పడం కూడా పనేనని వాళ్లు ఒప్పుకున్నారు. మనం మాత్రం "ఊరికే చూస్తాం, మీదేం పోయింది?" అంటాం. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మీ వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి అనుకోండి. పొద్దుటి పూట నేతకే. సాయంత్రం ఒక గంట, వంతులవారీగా ఒక్కో ఇంట్లో చూపించండి. మనిషికి ఇంత అని గుమ్మం దగ్గర రాసిపెట్టండి. తెలుగులో, ఒడియాలో రెండిట్లోనూ రాయండి. అడగకుండా ఫోటో తియ్యకూడదని కూడా రాయండి. పిల్లలొస్తే పోగుని కండెలకి చుట్టే రాట్నం తిప్పనివ్వండి, అది ఆగినా నష్టం లేదు. మగ్గం మీదకి మాత్రం ఎవర్నీ రానివ్వకండి.

ఇంకో మాట, ఇది మీకే. కండెలు చుట్టేది, అచ్చు అతికేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. ఫోటో మాత్రం మగ్గం మీద కూర్చున్న ఆయనకే. ఆ సాయంత్రపు గంట మీరే కూర్చుని చెప్పండి. ఆ డబ్బు కూడా మీ చేతికే రావాలి. మామగారు కాదనరనే అనుకుంటున్నాను.

చెప్పేటప్పుడు అందాన్నొక్కటే చెప్పకండి. విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దంలో సగం మందికి పైగా నల్లజాతివాళ్లు, వాళ్లలో ఎక్కువమంది బానిసలు. అయినా ఆ ఊరు చాలాకాలం దొరల ఇళ్లు, తోటలే చూపించింది. 1979లో ఆ బానిసల బతుకులు చెప్పే మనుషుల్ని పెట్టడం మొదలుపెట్టాక గానీ ఊరి కథ నిజం వైపు తిరగలేదు. మన దగ్గర కూడా గుంట మగ్గంలో కూర్చుని కూర్చుని పట్టేసే నడుము గురించి చెప్పండి. వానాకాలం తేమకి పోగు మాట వినదని, షావుకారు కూలి ఎప్పుడిస్తాడో తెలియదని చెప్పండి. వచ్చినవాళ్లు చిన్నబోతారని భయపడకండి. అది విన్నవాళ్లే మళ్లీ వచ్చి చీర కొంటారు.

ప్రశ్న: పర్లాకిమిడి కొమ్ము బొమ్మలంటే మా ఆఫీసులో అందరికీ ఇష్టం. రిటైరయ్యే మా సారుకి ఒక కొంగల జత ఇవ్వాలనుకుంటున్నాం. ప్లాస్టిక్‌వి కూడా కొమ్మువని అమ్ముతున్నారట. ఎలా కనిపెట్టాలి?
– ఒక గుమాస్తా, గుణుపురం

జవాబు: నాయనా, మంచి బహుమతి అనుకున్నారు. వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. కొమ్ములో సన్నటి చారలుంటాయి, ఏ రెండు బొమ్మలకీ ఒకేలా రావు. రెండు కొంగలూ అచ్చుగుద్దినట్టున్నాయంటే అనుమానించాల్సిందే. కొట్టువాడు ఒప్పుకుంటే అడుగున, కనపడనిచోట ఆకురాయితో కాస్త గట్టిగా రుద్దించి వాసన చూడండి. కొమ్మైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మన గోళ్లలో, జుట్టులో ఉన్న కెరాటిన్ అనే పదార్థమే అందులోనూ ఉంది.

అన్నిటికన్నా మంచిది, కొట్టుకి పోకుండా చేసే మనిషి దగ్గరికే వెళ్లడం. గుణుపురం నుంచి పర్లాకిమిడి ఎంత దూరమని? నిప్పు సెగకి మెత్తబడిన కొమ్మును చల్లారేలోగా వంచాలి. అంతసేపే అది వంగుతుంది, తర్వాత బలవంతం చేస్తే పగులుతుంది. చూసిన మీవాళ్లు ఆ కథని కూడా సారుకి చెప్పి ఇవ్వొచ్చు. ధర విషయంలో మాత్రం గీచిగీచి బేరమాడకండి, పెద్దాయన బహుమతి అది.

ప్రశ్న: నేను రాయగడలో డ్రాయింగ్ టీచర్ని. గంజప అనే పాతకాలపు చేతిపని పేకల గురించి పిల్లలకి చెప్తే "ఆడేవాళ్లే లేరు కదా సార్" అంటున్నారు. వాళ్లకి ఆసక్తి ఎలా కలిగించాలి?
– ఒక టీచరు, రాయగడ

జవాబు: మాస్టారూ, చెప్పడం మానేసి వాళ్లచేత ఒక్క పేక చేయించండి. గంజప గుండ్రటి పేక. మామూలు కట్టలో 8 రంగులు, రంగుకి 12, వెరసి 96. రాజు, మంత్రి, మిగతావి 1 నుంచి 10 దాకా. దశావతారాల కట్టైతే 120. ఈ లెక్క వినగానే మీ పిల్లల్లో ఎవడో ఒకడు ఆట నియమాలు అడుగుతాడు. నా అనుభవం అది. పర్లాకిమిడిలో, బరంపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆట తెలిసిన పెద్దల్ని వెతికి వాళ్లకి ఉత్తరం రాయించండి.

చేసే పద్ధతి కష్టమేం కాదు. ముందు చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లలో ఉడికించండి. జిగురు తయారవుతుంది. పాత నూలుబట్ట పొరలు పొరలుగా ఆ జిగురుతో అంటించి, రెండువైపులా సుద్దపొడి కలిపిన జిగురు పూయండి. బాగా ఎండాక నున్నటి గులకరాయితో రుద్దితే బట్ట అట్టలా గట్టిపడి మెరుస్తుంది. అప్పుడు గుండ్రంగా కత్తిరించి రంగులు వెయ్యాలి. అసలు పనివాళ్లు చివర లక్క పూత కూడా వేస్తారు. నిప్పుతో పని, స్కూల్లో అది వద్దు. ఏ పొర దగ్గరా తొందరపడనివ్వకండి, తడి మీద తడి పూస్తే బట్ట ముడతలు పడుతుంది. ముసురు రోజుల్లో మొదలుపెట్టకండి, సంక్రాంతి సెలవులయ్యాక ఎండ బాగుంటుంది.