జెర్రిపోతును నాగుపాముగా పొరబడకుండా గుర్తించడం ఎలా?
అనంతపురం వైపు వేరుశనగ చేలలో ఎలుకల కోసం తిరిగే పొడవాటి పాము జెర్రిపోతా, నాగుపామా అన్నది రంగును బట్టి తేల్చలేము. రెండూ గోధుమ, నలుపు ఛాయలలో కనిపిస్తాయి. విషం లేని జెర్రిపోతును పాపం నాగుపామనుకొని చంపేస్తుంటారు. దూరం నుంచే తలను గమనించండి: జెర్రిపోతు తల మెడకన్నా స్పష్టంగా వెడల్పుగా, కళ్లు పెద్దవిగా ఉంటాయి, పెదవి పొలుసుల అంచుల వెంట కాటుకతో గీసినట్లు సన్నని నల్లగీతలుంటాయి. తోక వైపు నల్లని అడ్డచారలు వల అల్లినట్లు కనిపిస్తాయి. ఆరడుగులు దాటినవి అరుదేమీ కాదు. బెదిరితే మెడను నిలువుగా ఉబ్బించి బుసకొడుతుందే గాని పడగ విప్పదు. అయితే నాగుపాము కూడా నిమ్మళంగా పాకేటప్పుడు పడగ విప్పదు కనుక, పడగ లేదన్న ఒక్క కారణంతో దగ్గరకు పోకూడదు.