ఆ సైకిలు కథ తీసెయ్యమ్మా

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. నీ కవరు అందింది, పిల్లల కోసం నువ్వు రాసిన ప్రార్థన కథలన్నీ చదివాను. హన్నా ఏటేటా మందిరంలో ఉంటున్న కొడుకు సమూయేలుకి చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్తుంది కదా, ఏడాదిలో పిల్లాడు ఎంత ఎదిగాడో తెలియక పక్కింటి కుర్రాడి ఒంటికి ఆనించి కొలత చూసుకుందని రాశావు. బైబిల్లో లేని మాటే. అయినా ఉండనియ్యి, బాగుంది.

ఇక ఆ సైకిలు కథ. అది చదివాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. దానియేలు కథ అయిందో లేదో, బబ్లూని తెచ్చావు. వాడు మోకాళ్లూని, సందేహించకుండా, ఎర్ర సైకిలు అడిగాడు. తెల్లారేసరికి మామయ్య సైకిలు తోసుకుంటూ గుమ్మంలో దిగాడు. కిరాణా కొట్లో చీటీ ఇచ్చి సరుకులు తెచ్చుకున్నట్టుంది! నీ సండే స్కూల్లో ముప్పై మంది ఉన్నారన్నావు. ఆ రాత్రి ముప్పై మందీ మోకాళ్ల మీద పడతారు. సోమవారం పొద్దున ఎవరి గుమ్మంలోనూ సైకిలు ఉండదు. అప్పుడు పిల్లవాడు దేవుణ్ని అనుమానించడు, తనని తాను అనుమానిస్తాడు. "నేను సరిగ్గా అడగలేదేమో" అనుకుంటాడు. పసివాడి మీద అంత బరువు పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

పైగా దానియేలుని పదేళ్ల ఉంగరాల జుట్టు కుర్రాణ్ని చేశావు. అందరూ అదే చేస్తారు, క్యాలెండర్ల వాళ్లతో సహా. లెక్క వేసి చూడు. ఆయన్ని బబులోనుకి చెరపట్టుకుపోయింది క్రీ.పూ. 605 ప్రాంతంలో. ప్రార్థన మానలేదని ఆయన్ని సింహాల గుహలో పడేసింది దర్యావేషు రాజు కాలంలో, అంటే క్రీ.పూ. 539లో బబులోను పడిపోయాక. ఎంత చిన్నవాడిగా వెళ్లాడనుకున్నా అప్పటికి ఎనభై ఏళ్లకు అటూ ఇటూగా ఉంటాడు. రోజుకి మూడుసార్లు మోకాళ్లు వంచిన ముసలాయన! లేచేటప్పుడు కిటికీ చువ్వ పట్టుకుని లేచేవాడేమో, రాసుకో అది. ఆ కిటికీ ఎటు తెరిచి ఉంది? యెరూషలేము వైపు. అక్కడ ఏముంది? క్రీ.పూ. 586లోనే ఆలయం కాల్చేశారు, గోడలు కూల్చేశారు. అంటే దాదాపు యాభై ఏళ్లుగా ఆ ముసలాయన బూడిద కుప్ప వైపు తిరిగి ప్రార్థిస్తున్నాడు. సింహాలు నోరు మూసుకున్నది ఒక్క రాత్రి. నువ్వు ఆ ఒక్క రాత్రికి మూడు పేజీలిచ్చి, కిటికీని అరవాక్యంలో దాటేశావు.

పిల్లలకి ప్రార్థన నేర్పే కథలో జవాబు రాని చోటు ఉండి తీరాలి. నేను ఎవరితోనైనా ఈ ఒక్కదాని మీదే పోట్లాడతాను.

అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం నీ కట్టలో లేదు. అంత మంచి పిల్లల కథ ఎలా వదిలేశావో! పేతురు జైల్లో ఉన్నాడు, రెండు సంకెళ్లు, చెరో పక్కన ఒక సిపాయి. సంఘమంతా మార్కు తల్లి మరియ ఇంట్లో చేరి ప్రార్థన చేస్తోంది. పేతురే వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తియ్యడం మరిచి లోపలికి పరుగెత్తింది. దేని కోసం మోకాళ్ల మీద ఉన్నారో అదే వచ్చిందని చెబితే, పెద్దలంతా "నీకు పిచ్చి" అన్నారు. పేతురు బయట తట్టుతూనే ఉన్నాడు పాపం. ఇది చెప్పిన ప్రతిసారీ పిల్లలు పడీ పడీ నవ్వుతారు. చూశావా, అక్కడ నీ బబ్లూ పాటి నమ్మకం కూడా ఎవరికీ లేదు!

అదే అధ్యాయం రెండో వచనంలో హేరోదు రాజు పేతురు తోటి శిష్యుడు యాకోబుని కత్తితో చంపించాడు. పల్నాడులో ఒక ఊళ్లో నేను ఫ్లానెల్ బోర్డు మీద, అంటే గుడ్డ పరిచిన పలక మీద బొమ్మలు అంటిస్తూ, ఈ కథ చెప్పేవాణ్ని. కొని తెచ్చిన సెట్టులో పేతురు, దూత, రొదే, సిపాయిలు, ఆఖరికి గొలుసు ముక్కలు కూడా ఉన్నాయి. ఒక పిల్లాడు లేచి, "యాకోబు బొమ్మ ఏది సార్?" అన్నాడు. లేదు. వెయ్యలేదు వాళ్లు. "ఆయన కోసం ప్రార్థన చెయ్యలేదా మరి?" "చేసే ఉంటార్రా, రాయలేదు." "మరి ఎందుకు చనిపోయాడు?" నాకు తెలీదనే చెప్పాను. ఇక చూడు, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా ప్రశ్నలు మొదలుపెట్టారు. గంట కొట్టినా లేవలేదు. పెద్దల ఆరాధనకు ఆలస్యమైందని పాస్టరుగారు నా మీద కేకలేశారు.

నీకు ఎడిటర్లు తగులుతారు. ఒక సంఘ మాసపత్రికకి ఏలీయా కథ పంపాను. ఆకాశం నుంచి అగ్ని దింపించిన మనిషి, ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, చెట్టు కింద కూలబడి, "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటాడు. దేవుడు తిట్టలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినిపించాడు. అచ్చయి వచ్చాక చూస్తే ఆ ప్రార్థన లేదు. ఏలీయా ఊరికే చెట్టు కింద కూర్చున్నాడు, దూత టిఫిను తెచ్చాడు! కింద బాక్సు కట్టి నీతి: "దేవుడు మన ఆకలి తీర్చును." అడిగితే, పిల్లలకి నిరుత్సాహం మంచిది కాదన్నారాయన. తర్వాత ఆ పత్రికకి రాయడం మానేశాను.

ఇంగ్లీషు నుంచి తిప్పిన వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిలు బడి) పాఠాల పిచ్చి ఒకటి. మే నెల ఎండలో, రేకుల షెడ్డులో కూర్చున్న పిల్లలకి మంచుబొమ్మ చేసే పిల్లాడి ప్రార్థన చెప్పాలట. ఆ పుస్తకాల వాసన నీ నాలుగో కథకి తగిలింది.

ఇంకోటి. నీ కథల్లో ఆరేళ్ల పిల్ల కూడా "మహోన్నతుడవైన తండ్రీ, నీ పరిశుద్ధ నామమునకు స్తోత్రములు" అంటోంది. ఇళ్లలో పెట్టుకునే కాటేజ్ ప్రార్థనలో సంఘపెద్దలు అనే మాటలవి. యోనా చేప కడుపులో తలకి నాచు చుట్టుకుందని దేవుడికి చెప్పుకున్నాడు. మీ వీధి పిల్ల ఏం చెప్పుకుంటుందో అది రాయి. కుక్క కరుస్తుందని భయమనో, నాన్న తాగొచ్చాడనో.

బొమ్మలు ఎవరితో వేయించాలో, ప్రింటింగుకి ఎంతవుతుందో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు రొదే కథ రాసి పంపు, యాకోబుతో మొదలుపెట్టి. గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించిన కథలో శిష్యులు నిద్రపోయిన సంగతి ఎందుకు తీసేశావో కూడా రాయి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, కాగితానికి ఒకవైపే.

ప్రభువునందు,
మీ అంకుల్