బ్రేకులకు 31,400 ఎస్టిమేట్: ముందు కొలత చూపించమనండి

ప్రశ్న: మాది కావలి. మా చిన్న కారు 62 వేల కిలోమీటర్లు తిరిగింది. మామూలు సర్వీసుకని నెల్లూరులో ఒక గ్యారేజీకి ఇస్తే, బ్రేకుల పని మొత్తం చేయించాలని 31,400 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ‘తిరుమల వెళ్తామంటున్నారు కదమ్మా, ఘాట్ దిగేటప్పుడు ఏమన్నా అయితే మమ్మల్ని అనొద్దు’ అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. లక్ష రూపాయల చీటీ ఉంది, 4 నెలలే కట్టాను. పాడేసుకోమంటారా?

జవాబు: చీటీ పాడొద్దమ్మా. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు కారు సంగతి చూద్దాం.

మీ ఎస్టిమేట్ ఇది: ముందు ప్యాడ్లు 2,800, డిస్కులు 7,600, వెనక షూలు 2,400, డ్రమ్ములు 5,200, రెండు క్యాలిపర్లు 8,400, బ్రేక్ ఆయిల్ 900, క్లీనింగ్ 600, లేబర్ 3,500. బ్రేక్ తొక్కితే ముందు చక్రాల్లో క్యాలిపర్లు ప్యాడ్లను డిస్కుకు నొక్కిపడతాయి, వెనక చక్రాల్లో షూలు డ్రమ్ముకు ఆనుకుంటాయి. ప్రతి లైనుకూ ధర ఉంది. ఏది ఎంత అరిగిందో మాత్రం ఒక్కచోటా రాయలేదు. బ్రేకుల అరుగుదల కొలిస్తే తెలిసిపోయేదే కాబట్టి, ఆ అంకెలు అడిగే హక్కు మీకుంది.

కొత్త ప్యాడ్ మందం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి దగ్గరపడితే మార్చాల్సిందే, అందులో బేరం లేదు. 6 ఉంటే ఇంకా కొన్ని వేల కిలోమీటర్లు వస్తుంది. డిస్కు ఎంతవరకు అరగొచ్చో దాని మీదే చెక్కి ఉంటుంది, డ్రమ్ముకూ అలాగే ఒక హద్దు ఉంటుంది. చక్రం విప్పించి, మీ ఎదురుగా కొలిచి, ఆ అంకెను ఎస్టిమేట్ పక్కన రాయమనండి. హద్దు దాటకపోతే, లోతైన గాట్లూ పగుళ్లూ లేకపోతే డిస్కు ఉంచుకోవచ్చు. బ్రేక్ వేసినప్పుడు పెడల్ అదురుతుంటే, మందం మిగిలి ఉన్నంతవరకు లేత్ మీద చదును చేయించినా సరిపోవచ్చు.

నాకు ఎక్కువ అనుమానం క్యాలిపర్ల మీద. రెండూ ఒకేసారి పాడవడం అరుదు. ఆయిల్ కారుతోందా, పిస్టన్ పట్టేసిందా, చూపించమనండి. చాలాసార్లు పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టినా, సీళ్లు మార్చినా సరిపోతుంది. ‘డిస్కులు తుప్పు పట్టాయి’ అన్నా కంగారుపడకండి. మన సముద్రపు గాలికి రెండు రోజులు కదపని కారు డిస్కు మీద ఎర్రటి పొర వస్తుంది. మైపాడులో నాలుగు రోజులు ఆపిన నా కారుకు కూడా ఒక మెకానిక్ డిస్కులు మార్చాలన్నాడు. ఇంటికొచ్చేలోపు బ్రేకులు పడి ఆ తుప్పంతా పోయింది.

మీరు తప్పక చేయించాల్సింది 900 రూపాయల ఆయిల్ మార్పు, రెండేళ్లుగా మార్చకపోయి ఉంటే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేక్ తొక్కితే వేడికి ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. వాళ్లు చెప్పిన ఘాట్ భయానికి అన్నిటికన్నా దగ్గరి సంబంధం ఉన్న పని ఇదే. దిగేటప్పుడు కారును రెండో గేరులో ఉంచమని మీవారికి చెప్పండి.

పెడల్ లోపలికి దిగిపోతున్నా, ఇనుము రాసుకున్న చప్పుడు వస్తున్నా, కారు ఒక పక్కకు లాగుతున్నా, ఆయిల్ తగ్గిపోతున్నా ఇవేమీ ఆలోచించొద్దు. కారు కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. అవేవీ లేకపోతే, కావలిలోనో నెల్లూరు ఆటోనగర్‌లోనో ఇంకొకరికి చూపించండి. మొదటి ఎస్టిమేట్ సంగతి ఆయనకు చెప్పొద్దు. చూసినందుకు అడిగిన కూలీ ఇచ్చేయండి, ఆ మూడు నాలుగు వందలు వృథా కావు.

ఇక చీటీ. ఇంత తొందరగా పాడాలంటే 25 వేలు తగ్గించుకోవాల్సి వస్తుందనుకుందాం. చేతికొచ్చేది 75 వేలు, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాలి. 31 వేల పని కోసం 25 వేలు పోగొట్టుకోవడం నాకు మనసొప్పదు. ప్యాడ్లు, ఆయిల్ వరకే తేలితే పార్టులకు 3,700, లేబర్ కూడా తగ్గుతుంది. జీతంలో సర్దుకోవచ్చు. నిజంగానే అన్నీ అరిగిపోయి ఉంటే మొత్తం చేయించండి, తిరుమల ఒక నెల వాయిదా వేయండి. స్వామి ఎక్కడికీ పోడు. మామూలు అరుగుదలకు ఇన్సూరెన్స్ ఇవ్వదు కనుక, వచ్చే నెల నుంచి కారు పేరుతో 1,500 రూపాయల ఆర్‌డీ కట్టండి. టైర్లు, బ్యాటరీ ఖర్చులు కూడా వరసలోనే ఉన్నాయి.

పని చేయించినప్పుడు పాత పార్టులు వెనక్కి అడిగి తీసుకోండి, జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద పన్ను 18 శాతమే, బిల్లులో 28 వేసి ఉంటే దిద్దించండి. మార్చని పార్టుకు డబ్బు తీసుకున్నారని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా లేదు. రెండో మెకానిక్ రాసిచ్చిన కొలతలు నాకు పంపండి, ఏది ఇప్పుడు, ఏది తర్వాత అన్నది కలిసి చూద్దాం.