ఈ పాపానికి బిషప్ గారి దగ్గరికే వెళ్లాలా? – సమాధానం

గర్భం తీయించుకున్నందుకు బొబ్బిలి నుంచి శ్రీకాకుళం వెళ్లి బిషప్ గారికే చెప్పుకోవాలేమోనని ఇన్నేళ్లు ఆగిపోయారంటే, ఎవరో చెప్పిన పాత పద్ధతే కారణం అయ్యుంటుంది చెల్లీ. 2016 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ గారు ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని గురువులందరికీ (ఫాదర్లందరికీ) ఇచ్చేశారు.

పునీతులకు (సెయింట్స్‌కు) ప్రార్థించే అర్హత కూడా లేదని రాశారు. పునీత పేతురు గారు మూడుసార్లు యేసు ఎవరో తెలియదన్నారు, అయినా పునీతులయ్యారు, గుర్తుందా?

1. మీ విచారణ (పారిష్) గురువు దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) చేయడానికి సిగ్గనిపిస్తే వేరే ఊరి గుడికి వెళ్లండి. పేరు చెప్పక్కర్లేదు. విన్నది ఫాదర్ గారు ఎవరికీ చెప్పకూడదు, మీ ఇంట్లోవాళ్లకైనా సరే.

2. చాలామంది తప్పేది ఇక్కడే. భయపడి "ఇంకా మిగతా పాపాలు" అని చివర్లో కలిపేస్తారు. అలా దాచితే మనసులో బరువు అలాగే ఉండిపోతుంది. నేరుగా "గర్భం తీయించుకున్నాను ఫాదర్" అనండి. గొంతు వణికినా పర్లేదు. ఆసుపత్రి వివరాలు అక్కర్లేదు. మీరు రాసిన అత్తగారి ఒత్తిడి గురించి మాత్రం చెప్పండి. తీవ్రమైన భయంలో చేసినదాన్ని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం వేరుగా చూస్తుంది.

3. ఇచ్చిన ప్రాయశ్చిత్తం చేసి సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోండి. ఇదే పాపాన్ని ప్రతిసారీ మళ్లీ చెప్పక్కర్లేదు.