కుర్చీ, నగిషీ, మరమ్మతు తెలుగు కావా?

సందేహం: మా తాతగారి నాటి చెక్క కుర్చీని అటక మీంచి దించాం. వీపు ఆనేచోట లతలు, కాళ్లకు సింహం పంజాలు. వడ్రంగి చూసి "నగిషీ చెడకుండా కుర్చీ మరమ్మతు చేస్తాను" అన్నాడు. మూడూ పరాయి మాటలేనని, 'శిల్పిత పీఠ పునరుద్ధరణ' అనాలని మా అబ్బాయి వాదన. చెక్క రోజ్‌వుడ్ అంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ వడ్రంగి మాట్లాడిందే తెలుగు. అరబ్బీ మాటైతే పరాయిది, సంస్కృతం మాటైతే సొంతం అనే లెక్క ఎవరు నేర్పుతున్నారో గానీ ఈమధ్య మరీ ఎక్కువైంది.

ముందు కుర్చీ సంగతి. కూర్చునేది కాబట్టి కుర్చీ అంటూ వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. మన క్రియ కూరుచుండు, కూర్చుండు. అందులోని దీర్ఘం ఏమైంది, చివరి ఈకారం ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా కూర్చోవడాన్ని 'బసణే' అనే మరాఠీవాళ్లు ఖుర్చీ అంటున్నారు, 'బైఠ్‌నా' అనే హిందీవాళ్లు కుర్సీ అంటున్నారు, మరి వాళ్లకు ఏ క్రియ నుంచి వచ్చినట్టు? అందరికీ మూలం అరబ్బీ కుర్సీ. ఖురాన్ రెండో అధ్యాయంలో 255వ వాక్యం పేరే ఆయతుల్ కుర్సీ, అక్కడ కుర్సీ అంటే దేవుడి పీఠం. అరబ్బీకి అది అరమాయిక్ నుంచి, దానికి అక్కాడియన్ 'కుస్సూ' నుంచి, ఆ కుస్సూ సుమేరియన్ 'గుజా' నుంచి వచ్చాయి, ఈ మూడూ పశ్చిమాసియా ప్రాచీన భాషలు. మట్టిపలకల మీద రాసుకున్న రోజుల నాటి మాట, నాలుగు వేల ఏళ్లు దాటినది, మీ ఇంట్లో రోజూ పలుకుతున్నారు. దీన్ని వదులుకుంటారా? పీట, గద్దె ఎలాగూ మనకున్నాయి, పెళ్లికి పీటలు, మేడారంలో గద్దెలు. వాటి పని వేరు.

నగిషీ కూడా అరబ్బీ 'నక్ష్' కుటుంబమే. నక్షా దాని తోబుట్టువు, చేర్యాల పటాలు వేసే నకాషీల పేరూ అందులోంచే వచ్చింది. చెక్కుడుపని అన్నా తప్పు లేదు, కాకపోతే లోహం మీది పనితనానికీ నగిషీ అనొచ్చు.

మరమ్మతు దగ్గర మాత్రం నేను పట్టుబడతాను. పోయిన కరెంటుకు పునరుద్ధరణ, పాడుబడ్డ గుడికి జీర్ణోద్ధరణ, ఊడిన కుర్చీకాలికి మరమ్మతు. ప్రతిదానికీ పునరుద్ధరణ తగిలించడం పత్రికల నుంచి అంటుకున్న అలవాటు. మరమ్మతులో ఉన్నదాన్ని నిలబెట్టడమనే అర్థం ఉంది, మీక్కావలసిందీ అదే. లతల మీద సాండ్ పేపర్ పెట్టనివ్వకండి, అంచులు అరిగి మొద్దుబారితే మళ్లీ రావు. కనబడని మూల స్పిరిట్ అద్దిన గుడ్డతో రుద్ది చూడమనండి. పాలిష్ కరిగి జిగటగా వస్తే అది లక్క పాలిష్ అయ్యుండొచ్చు, అప్పుడు గోకే పని లేకుండా స్పిరిట్‌తోనే వదులుతుంది.

ఇక రోజ్‌వుడ్. నల్లగా కనబడిన ప్రతి పాత చెక్కనూ రోజ్‌వుడ్ అనేయడం పరిపాటైంది, ఇరుగుడు, జిట్టేగి అన్న మంచి పేర్లు మరిచారు. కుర్చీ తిరగేసి, అడుగున పాలిష్ తగలని చోట చూడండి. ఊదా కలిసిన గోధుమరంగులో నల్లటి చారలుండి, ఎత్తితే బరువుగా ఉంటే ఇరుగుడు కావచ్చు. బంగారు ఛాయ ఉంటే టేకు కావచ్చు. టేకు ఇంగ్లీషు మాట అనుకునేరు! మలయాళం 'తేక్కు' పోర్చుగీసుల నోట 'తేకా' అయి ఇంగ్లీషుకు చేరింది. మన టేకు ఆ తేక్కుకు చుట్టమే.